మీసాల అమ్మ గిజుభాయి

రాబిగ్ (సౌదీ అరేబియా) నుంచి

నూరేళ్ళ కిందట గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో చిన్నపిల్లలు ఒక పెద్దమనిషిని మీసాల అమ్మ అని పిలిచేవారు. వాళ్ళ భాషలో మూఛాళీ మా. ఆయన అసలు పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. లోకానికి గిజుభాయి. పసిపిల్లల చదువు బెత్తంతో కాదు, కథతో, బొమ్మతో, ఆటతో మొదలు కావాలని మన దేశంలో చేసి చూపించిన వాళ్ళలో ఆయనది మొదటి వరుస.

గల్ఫ్‌లో ఉన్న మనకు ఆయనతో ఏం సంబంధం అంటారా? ఉంది. గిజుభాయి టీచర్ కాకముందు లాయర్. లాయర్ కాకముందు మనలాగే ఇల్లు గడవక సముద్రం దాటి వెళ్ళిన మనిషి.

ఆయన పేరు నేను మొదట విన్నది ఇక్కడ రాబిగ్‌లోనే. పాత ఓడలు విరగ్గొట్టే అలంగ్ యార్డు భావ్‌నగర్ జిల్లాలోనే ఉంది. అటువైపు నుంచి గ్యాస్ కటింగ్, వెల్డింగ్ పనివాళ్ళు గల్ఫ్‌కు వస్తుంటారు. మా సైట్‌లో అట్లాంటి వెల్డర్ ఒకాయన లంచ్ టైమ్‌లో పిల్లల చదువుల మాట వచ్చినప్పుడు తన ఊరి మీసాల అమ్మ సంగతి చెప్పాడు. ఆ తర్వాత దొరికినంత వరకు చదివాను. చదివింది మనవాళ్ళతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

ఆఫ్రికా ఓడ

గిజుభాయి 1885 నవంబర్ 15న చిత్తల్ అనే ఊళ్ళో పుట్టారు. ఇప్పుడది అమ్రేలి జిల్లాలో ఉంది. బాల్యం వల్లభీపూర్‌లో గడిచింది. తర్వాత భావ్‌నగర్‌లో శామల్‌దాస్ కాలేజీలో చేరారు గానీ చదువు పూర్తి కాలేదు. ఇంటి పరిస్థితి అనుకూలించలేదు. 1907లో తూర్పు ఆఫ్రికాకు ఓడ ఎక్కారు. అప్పటికి 22 ఏళ్ళు కూడా నిండలేదు.

ఆ రోజుల్లో గుజరాతీలకు తూర్పు ఆఫ్రికా అంటే ఇవాళ మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళకు గల్ఫ్ ఎట్లాగో అట్లా. మొంబాసా నుంచి లోపలికి రైలు మార్గం వేయడానికి 1896 నుంచి వేలమంది భారతీయ కూలీలను తీసుకెళ్ళారు. వాళ్ళ వెనకే దుకాణాల వాళ్ళు, గుమాస్తాలు వెళ్ళారు. గిజుభాయి అక్కడ ఒక సొలిసిటర్ దగ్గర పనికి కుదిరారు. ఎవరి పని వాళ్ళు చేసుకోవడం, సొంత కాళ్ళ మీద నిలబడటం అక్కడే అలవాటైందంటారు. గది ఊడ్చుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, వంట చేసుకోవడం క్యాంపుకొచ్చాక నేర్చుకున్న మనవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. తర్వాత ఆయన నడిపిన బడిలో పిల్లలు తమ పనులు తామే చేసుకునేవారు.

డబ్బు మూటలతో ఆయన తిరిగి రాలేదు. 1910లో బొంబాయిలో లా చదువుకు చేరారు. ప్లీడర్ అయ్యి, వఢ్వాన్ క్యాంప్‌లో, అంటే ఇప్పటి సురేంద్రనగర్‌లో ప్రాక్టీసు పెట్టారు. ప్రాక్టీసు బాగానే సాగింది. అట్లాగే సాగిపోతే ఆయన పేరు ఇవాళ ఎవరికీ తెలిసేది కాదు.

కొడుకు పుట్టాడు

1913లో కొడుకు నరేంద్ర పుట్టాడు. వీడిని ఏ బడికి పంపాలి అన్న ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. తాను చదివిన బడి ఆయనకు గుర్తుంది. కేకలు, దెబ్బలు, కంఠతా పట్టడం. అదే బడికి కొడుకును పంపడానికి మనసు ఒప్పలేదు. ఎక్కడైనా మంచి బడి ఉందా అని వెతుకుతూ ఖేడా జిల్లా వసో అనే ఊరికి వెళ్ళారు. అక్కడ మోతీభాయి అమీన్ అని ఒక మహానుభావుడు. బరోడా సంస్థానంలో ఊరూరా గ్రంథాలయాలు పెట్టించిన మనిషి. ఆయన గిజుభాయి చేతిలో మాంటిస్సోరి విద్య గురించిన పుస్తకం పెట్టారు.

మేరియా మాంటిస్సోరి ఇటలీ దేశపు డాక్టరమ్మ. రోమ్ నగరంలో పేదవాళ్ళ వాడలో ఆమె పిల్లల ఇల్లు తెరిచింది 1907లో, గిజుభాయి ఆఫ్రికాకు వెళ్ళిన ఏడాదే. పిల్లవాడు చేతులతో నేర్చుకుంటాడు, వస్తువు వాడి చేతికి ఇవ్వండి, మీరు పక్కన ఉండండి అన్నది ఆమె పద్ధతి సారం.

తండ్రిగా మొదలైన వెతుకులాట ఉద్యోగాన్నే మార్చేసింది. భావ్‌నగర్‌లో నానాభాయి భట్ 1910లో పెట్టిన దక్షిణామూర్తి విద్యార్థి భవన్ ఉంది. 1916లో గిజుభాయి వకీలు పని వదిలి అందులో చేరిపోయారు. మొదట పెద్దపిల్లల హైస్కూల్ చూశారు. ఆ వయసుకు వచ్చేసరికే పిల్లల్లో చదువంటే భయం గడ్డకట్టిపోయి ఉంటుందని ఆయనకు అర్థమైంది. మేం స్లాబ్‌లో పగులు చూస్తే కిందికి వెళ్ళి పునాది దగ్గర వెతుకుతాం. ఆయనా అదే చేశారు. 1920 ఆగస్టు 1న బాలమందిర్ మొదలైంది. రెండున్నర ఏళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలకు. రెండేళ్ళ తర్వాత, 1922లో, తఖ్తేశ్వర్ గుట్ట దగ్గర కొత్త భవనంలోకి మారింది. ప్రారంభించింది కస్తూర్బా గాంధీ.

ఉప్పు కాగితం మీద అక్షరాలు

బాలమందిర్‌లో దండన లేదు, బహుమతి లేదు, పరీక్ష లేదు. మాంటిస్సోరి పద్ధతిలో అక్షరాన్ని పిల్లవాడు ముందు వేలితో తెలుసుకుంటాడు. మన వడ్రంగులు చెక్క నునుపు చేసే ఉప్పు కాగితాన్ని అక్షరం ఆకారంలో కత్తిరించి చెక్క పలకకు అంటిస్తారు. పిల్లవాడు రెండు వేళ్ళతో దాని మీద రుద్దుతూ ఆ శబ్దం పలుకుతాడు. కన్ను, చెవి, వేలు మూడూ ఒకేసారి పని చేస్తాయి. తర్వాత కత్తిరించిన అక్షరాల పెట్టె ఇస్తారు. చేతికి పెన్సిల్ పట్టు రాకముందే నేల మీద అక్షరాలు పేర్చి మాట తయారు చేస్తాడు.

వింతగా అనిపిస్తుంది గానీ మనకిది కొత్త కాదు. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి పిల్లల వేలు పట్టి రాయిస్తాం. పాతకాలం వీధిబడుల్లో ఇసుకలో అక్షరాలు దిద్దించేవాళ్ళు. ఆ ఒక్క రోజు బియ్యంలో దిద్దించి, మర్నాటి నుంచి పిల్లల చేతికి కాపీ పుస్తకం ఇచ్చేస్తున్నాం. అదే నాకు అర్థం కాని సంగతి.

అయితే గిజుభాయి ఇటలీ పద్ధతిని ఉన్నదున్నట్టు దించలేదు. పసిపిల్లలకు కల్పిత కథలు, మాట్లాడే జంతువులు, రాక్షసులు మాంటిస్సోరికి అంతగా ఇష్టం లేదు. ముందు నిజమైన ప్రపంచం చూడనివ్వాలని ఆమె అభిప్రాయం. గిజుభాయి ఇక్కడ ఆమెతో విడిపోయారు. అవ్వల నోట కథలు విని పెరిగిన దేశంలో కథ లేకుండా బడి ఏమిటి అనుకున్నారు. కాఠియావాడ్ పల్లెల్లో అవ్వలు చెప్పుకునే కాకి కథలు, పిచ్చుక కథలు, పిచ్చి బ్రాహ్మడి కథలు ఏరి తెచ్చి బాలమందిర్‌లో చెప్పారు. పిల్లలే కాకులయ్యారు, రాజులయ్యారు. దుప్పటి కప్పుకుంటే పులి, కర్ర పట్టుకుంటే సిపాయి. మాటలు బట్టీ పెట్టించడం లేదు. కథ తెలుసు కాబట్టి మాటలు వాటంతట అవే వచ్చేవి.

ఆయన చెప్పిన వాటిలో సంతోషం కాకి కథ గుజరాత్‌లో ఇప్పటికీ ఇంటింటా చెప్పుకుంటారు. రాజుగారికి కోపం వచ్చి కాకిని బురదలో వేయిస్తాడు, బావిలో వేయిస్తాడు, ముళ్ళలో వేయిస్తాడు. ఎక్కడ వేసినా అది సంతోషంగా పాడుకుంటూనే ఉంటుంది. చివరికి రాజే విసిగిపోయి వదిలేస్తాడు. మా వెల్డర్ ఈ కథ చెప్పేటప్పుడు సేఫ్టీ షూలో వేసుకునే నల్ల సాక్సు, ఉతికిందే లెండి, చేతికి తొడిగి కాకిని చేశాడు. నలభై ఏళ్ళు దాటిన ఫోర్‌మన్లు కూడా అన్నం తినడం ఆపి చూశారు.

కథలు ఎట్లా చెప్పాలో గిజుభాయి ఏకంగా ఒక పెద్ద పుస్తకమే రాశారు. వార్తాను శాస్త్ర దాని పేరు. గుజరాతీలో వార్త అంటే కథ. కథ ఆనందం కోసమే తప్ప చివర నీతి అతికించడానికి కాదని ఆయన గట్టిగా నమ్మారు.

పగటికల

అప్పుడే చదవడం వచ్చిన పిల్లలకు ఇవ్వడానికి ఆ రోజుల్లో గుజరాతీలో పుస్తకాలు లేవు. దాంతో ఆయనే రాయడం మొదలుపెట్టారు. చిన్న వాక్యాలు, విన్న కథలే, పెద్ద అక్షరాలు. 1923లో వచ్చి చేరిన తారాబెన్ మోదక్ ఈ పనిలో కుడిభుజం అయ్యారు. మొత్తం మీద గిజుభాయి పిల్లల కోసం, తల్లిదండ్రుల కోసం, టీచర్ల కోసం రాసినవి చిన్నా పెద్దా కలిపి 200 దాకా ఉంటాయంటారు. వాటిలో పెద్దవాళ్ళకు బాగా తెలిసింది దివాస్వప్న. 1930లలో వచ్చింది. తెలుగులో పగటికల పేరుతో దొరుకుతుంది.

అందులో ఒక మాస్టారు ప్రయోగం కోసం ఒక ఏడాదికి నాలుగో తరగతి అడిగి తీసుకుంటాడు. మొదటి రోజు మాంటిస్సోరి చెప్పిన నిశ్శబ్దపు ఆట ఆడిద్దామని కిటికీలు మూసి పిల్లల్ని కూర్చోబెడతాడు. వాళ్ళు పిల్లికూతలు కూస్తారు, కాళ్ళు తపతపలాడిస్తారు. ఆట అక్కడే భగ్నం. సెలవిచ్చి పంపేస్తాడు. రెండో రోజు కథ మొదలుపెడతాడు, గది గప్‌చుప్. బడి వదిలినా కదలరు. రోజులు గడిచాక కథల పుస్తకాలు తెచ్చి పిల్లల ముందు పరుస్తాడు. నోటితో విన్న కథ ఈ కాగితాల్లో ఉందని తెలిసేసరికి పిల్లలు ఎగబడతారు. అందరూ ఒకే వాచకం కొనే బదులు, ఆ డబ్బు ఒకచోట వేసి రకరకాల పుస్తకాలు కొని తరగతిలోనే లైబ్రరీ పెడతాడు. హెడ్‌మాస్టర్‌కు, తోటి మాస్టర్లకు ఇదంతా పిచ్చిగా తోస్తుంది. పాఠం ఎప్పుడు మొదలుపెడతావని అడుగుతూనే ఉంటారు. పాఠం మొదలై చాలా రోజులైందని వాళ్ళకు తెలియదు.

ముందు చెవి, తర్వాత చేయి, ఆ తర్వాత కన్ను. గిజుభాయి వరస ఇది. మన ఊళ్ళలో ఎల్‌కేజీ వరస దీనికి తలకిందులు. మూడేళ్ళ పిల్లకు ఏబీసీడీ, అఆఇఈ, అంకెలు, హోంవర్కు. కథ ఎక్కడా కనబడదు. మనం ఇక్కడ ఓవర్‌టైమ్ చేసి పంపిన రియాళ్ళు ఆ ఫీజుకే పోతున్నాయి.

ఒక లెక్క చెబుతాను. బాలమందిర్ వయసు రెండున్నర నుంచి ఆరు. మూడున్నర ఏళ్ళు. మనలో చాలామందికి రెండేళ్ళకొకసారి ఛుట్టీ. అంటే పిల్లల బతుకులో ఈ వయసంతా మనకు ఒక ఛుట్టీ, మహా అయితే రెండు ఛుట్టీలు. ఫోన్‌లో మాట్లాడదామంటే టైమ్ కుదరదు. రాబిగ్‌లో ఐదింటికి డ్యూటీ దిగి, బస్సులో క్యాంపుకొచ్చి, స్నానం చేసి, వంట దగ్గర వంతు ముగించేసరికి ఏడున్నర. ఇంటి దగ్గర పది. పిల్లలు నిద్రలో ఉంటారు. మిగిలింది శుక్రవారం.

మా బిడ్డకు నాలుగేళ్ళు. గిజుభాయి గురించి చదివాక శుక్రవారం ఫోన్‌లో తిన్నావా, బడికి పోయినవా అనే మాటలు తగ్గించి కథ పెట్టుకున్నాం. నేను ఇక్కడి నుంచి ఆవు, పులి కథ చెబుతాను. అక్కడ మా ఇంటామె ముందు చిన్న బొమ్మల కొలువు లాంటిది పెడుతుంది. నిర్మల్ కొయ్యబొమ్మ ఆవు ఒకటి ఇంట్లో ఉంది. పులి లేదు. కుంకుమ డబ్బీ పులి అయింది. చింతగింజలు అడవి. అగ్గిపెట్టె దూడ. వీటిని జరిపేది పాపే. పక్కన చిన్న అట్టముక్కల మీద ఆవు, పులి, దూడ అని పెద్ద అక్షరాలతో రాసి బొమ్మ దగ్గర పెట్టాలి. చదవమని అడగొద్దు, ఊరికే అక్కడ ఉండాలి. నేను పులి అన్నప్పుడల్లా డబ్బీతో పాటు అట్టముక్కా జరుగుతుంది.

ఐదారు శుక్రవారాల తర్వాత వంటింట్లో పులిహోర పొడి ప్యాకెట్ చూసి పాప ఇందులో పులి ఉందని కేకలు పెట్టిందట. మా ఇంటామె నవ్వలేక చచ్చింది. గుణింతం ఇంకా రాదు. లి అంటే ల కు గుడి అని తెలియదు. కానీ పులి అన్న మాటను పట్టుకుంది. ఇక్కడి నుంచి పు, లి విడదీసి చూపడం పెద్ద పని కాదు. తెలుగులాగే గుజరాతీకీ గుణింతాలున్నాయి, బారాఖడీ అంటారు. గిజుభాయి పిల్లలూ ఆ కొండే ఎక్కాలి. కథ తోడుంటే ఆయాసం తెలియదు, అంతే తేడా.

దీనికి ఫోన్‌లో వచ్చే కార్టూన్ సరిపోదా అని మా రూమ్‌లో ఒకరు అడిగారు. కార్టూన్‌లో పులిని జరిపేది ఇంకెవరో. కుంకుమ డబ్బీని జరిపేది నా బిడ్డ. నాకు కనబడ్డ తేడా ఇదే. ఇంకో మాట, డబ్బీకి ఖర్చు లేదు. జొన్న బెండ్లతో బండి, తాటాకు బొమ్మ, పాత సాక్సు, ఏదైనా పనికొస్తుంది. అవ్వలున్న ఇళ్ళలో అయితే కథలకూ కొదవ లేదు. వాళ్ళను టీవీ ముందు నుంచి లేపడమే కష్టం.

మన తెలుగులో

తెలుగులో ఈ పని జరగలేదని కాదు. చింతా దీక్షితులు పిల్లల కోసం తేట తెలుగులో రాశారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో అన్నయ్య, అక్కయ్యగా మారి పిల్లలతో పాడించారు, ఆడించారు. 1945లో బాల పత్రిక పెట్టారు. బాపు, ముళ్ళపూడి వెంకటరమణ చిన్నతనంలో అచ్చులో తొలిసారి కనబడింది ఆ బాలలోనే. తర్వాత ఆ దంపతులు హైదరాబాద్ వచ్చి అక్కడి రేడియోలోనూ పిల్లల కార్యక్రమాలు నడిపారు. ఎదురుగా లేని మనిషి గొంతు కోసం పిల్లలు రేడియో చుట్టూ చేరేవారు. ఫోన్‌లో కథ చెప్పే మనకు వాళ్ళు ఒక విధంగా గురువులు. వాళ్ళ గురించి విడిగా రాయాల్సినంత ఉంది.

చివరి రోజులు

గిజుభాయి బాలమందిర్‌తో ఆగలేదు. 1925లో టీచర్లకు శిక్షణ ఇచ్చే అధ్యాపన మందిర్ పెట్టారు. తారాబెన్‌తో కలిసి శిక్షణ పత్రిక నడిపారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఊళ్ళు తిరిగి, శిబిరాల్లో ఉన్నవాళ్ళ మధ్య పని చేశారు. పిల్లలను వానరసేనగా కూడగట్టారు. 1936లో దక్షిణామూర్తి నుంచి బయటికి వచ్చేశారు. ఇరవై ఏళ్ళు నీళ్ళు పోసి పెంచిన చెట్టు నీడ వదలడం ఆయనకు ఎంత కష్టమైందో ఊహించుకోవచ్చు. ఊరికే కూర్చోలేదు. రాజ్‌కోట్‌లో మళ్ళీ టీచర్ల శిక్షణ మొదలుపెట్టారు. ఒంట్లో మాత్రం సత్తువ అయిపోతూ వచ్చింది. 1939 జూన్ 23న బొంబాయిలో కన్నుమూశారు. 53 ఏళ్ళు.

అదే ఏడాది చివర్లో మేరియా మాంటిస్సోరి మద్రాసు చేరింది. అడయారులో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి వచ్చింది. ఇంతలో యుద్ధం, ఆమె ఇటలీ మనిషి కావడంతో తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయి 1946 దాకా ఇక్కడే ఉండిపోయింది. ఆమె పుస్తకం చదివి వకాల్తా వదిలిన మనిషి ఇంకో ఐదారు నెలలు బతికి ఉంటే ఆమెను మన దేశంలోనే చూసేవాడు.

తారాబెన్ మహారాష్ట్ర వెళ్ళి బోర్డీలో, తర్వాత కోస్‌బాడ్ కొండ మీద ఆదివాసీ పిల్లల మధ్య పని చేశారు. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ ముంగిట్లోకి వెళ్ళాలని వాకిళ్ళలో పసిపిల్లల బడి నడిపారు. అంగన్‌వాడీ అన్న ఆలోచన అక్కడ పెరిగింది. 1975 అక్టోబర్ 2న కేంద్ర ప్రభుత్వం ఐసీడీఎస్ మొదలుపెట్టాక ఆ పేరు ఊరూరికీ చేరింది. మన పిల్లలు గుడ్డు, బాలామృతం తెచ్చుకునే అంగన్‌వాడీ గోడ మీద అక్షరాల బొమ్మలు కనబడితే, వాటి చుట్టరికం వెతుక్కుంటూ పోతే భావ్‌నగర్ గుట్ట దాకా వెళ్తుంది.

పగటికల చిన్న పుస్తకమే. కథలాగా సాగిపోతుంది. ఛుట్టీకి వెళ్ళినవాళ్ళు ఎవరైనా హైదరాబాద్‌లో దిగినప్పుడు ఒకటి తెచ్చుకుంటే క్యాంపులో చేతులు మారుతూ పదిమంది చదవొచ్చు. మా క్యాంపుకు ఒకటి తెప్పిస్తున్నాం. మొదటి వంతు మా వెల్డర్ అడిగాడు. తెలుగు రాదు కదా అంటే, అట్ట మీద బొమ్మ చూస్తానన్నాడు.